పకావ్ చదివిన మొదటి ఉత్తరం

మహాచాయ్, ఆదివారం

అన్నయ్యా, నా దగ్గు తగ్గింది, అమ్మను దిగులు పడవద్దని చెప్పు.

రొయ్యలు వలిచే షెడ్డు వెనక ఆదివారాలు పిల్లలకు మన మోన్ భాష అక్షరాలు నేర్పుతున్నాను కదా. వాళ్లలో పకావ్ అనే తొమ్మిదేళ్ల పిల్ల ఈ పరాయి దేశంలోనే పుట్టింది, మన ఊరు చూడనే లేదు. వాళ్లమ్మ థేన్‌కు చదువు రాదు. ఊళ్లోవాళ్ల తరఫున నువ్వు రాసిన ఉత్తరం పోయిన నెల ఆమెకు అందింది. నేను చదివిపెడతానంటే ఒప్పుకోలేదు. "నా కూతురు చదువుతుంది పంతులమ్మా, నువ్వు విను," అంది గర్వంగా.

పకావ్ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "మీ... అమ్మ... మంగళవారం... కన్ను మూసింది." థేన్ కుప్పకూలిపోయింది. పిల్ల బెదిరిపోయి, "తప్పు చదివానా పంతులమ్మా?" అని నన్నడిగింది. నేను ఉత్తరం తీసుకుని మడిచి, ఆ పిల్లను దగ్గరికి తీసుకున్నాను.

సరిహద్దు దాటే కాగితాలు లేక థేన్ ఊరికి రాలేకపోయింది. మర్నాడే మళ్లీ రొయ్యల ముందు కూర్చుంది. పకావ్ మాత్రం క్లాసుకు రావడం మానేసింది. పిలవడానికి వెళితే, "నేను చదవకుండా ఉంటే అమ్మమ్మ బతికుండేది," అంది. ఎంత చెప్పినా వినలేదు.

వాచకాలు నాలుగు పంపు. వదినకు నెలలు నిండాయా? ఇంకో పని. ఆ ముసలావిడ మనవరాలి గురించి ఏమేం అనేదో ఇరుగుపొరుగును అడిగి, పకావ్ పేరున పెద్ద పెద్ద అక్షరాలతో రాసి పంపు. ఆ పిల్ల విప్పి చూస్తుందన్న ఆశ నాకు లేదు. అయినా రాయి. అడిగేదాకా నేను దాచి ఉంచుతాను.

అమ్మ పాదాలకు దండాలు.

నీ చెల్లెలు
మి రొట్