భూగోళంలో గోల్‌పోస్టు

హెడ్మాస్టరు గారికి,

క్లాసు కంప్యూటర్లో ఉపగ్రహం ఫొటోలతో తిరిగే ఆ భూగోళం పెట్టించింది పిల్లలకు కొండలూ సముద్రాలూ చూపిస్తారని. మీ సోషల్ టీచరమ్మ ప్రపంచమంతా వదిలేసి మన బడి ఆటస్థలం మీద వాలిందట. పిల్లల చేత దాన్ని కొలిపించిందట కూడా! ఆమె వెనక ఎవరో ఉన్నారని నా అనుమానం. కమిటీ ఎన్నికలో నా మీద ఓడినవాడు ఆమె వీధిలోనే ఉంటాడు.

నిన్న భోజనాల దగ్గర మా మనవరాలు, "తాతా, పాత ఫొటోలో మనిల్లు లేదు. వంటిల్లు ఉన్నచోట గోల్‌పోస్టు ఉంది" అంది. నాకు పొలమారింది.

పాత ఏళ్ల ఫొటోలు చూపించే ఆ మీట తీసేయించండి. కుదరదంటారా, నేను అధ్యక్షుణ్ణయ్యాక తీసినవే చూపించమనండి.

ఇట్లు,
బడి కమిటీ అధ్యక్షుడు