రాయి మీద ఆరున్నర

ఫిబ్రవరి 18, బుధవారం
భస్మ బుధవారం. ఈ రోజు నుంచి నలభై దినాలు ఫోన్లో ఆట ఆడను.

ఎలా జరిగిందంటే. చర్చిలో పాస్టరు రవిబాబు గారు అడిగారు, ఈ శ్రమల కాలంలో ఎవరు ఏది మానుకుంటారని. ఎవరూ లేవలేదు. తలుపు దగ్గర కూర్చున్న గాసి తాత చుట్టని చొక్కా జేబులో ఇంకాస్త లోపలికి నెట్టాడు. ఇంటికి పెద్దదాన్ని, సండే స్కూలు టీచర్ని. యాభై నాలుగేళ్ళు వచ్చినా అందరికీ బేబి టీచర్నే. నేను లేవకపోతే ఎవరు లేస్తారు? లేచాను. "ఫోన్లో ఆట" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు.

ఆ ఆట ఎక్కడ కూర్చుని ఆడుతానో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మా ఊళ్ళో సిగ్నల్ ఒక్క చోటే. చర్చి వెనక కొండమీది పెద్ద రాయి. రోజూ సాయంత్రం అక్కడ తల వంచుకుని కూర్చుంటాను. కింద నుంచి చూసేవాళ్ళు ప్రార్థన అనుకుంటారు. సగం ప్రార్థనే. ఆట తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. ఈలోగా ఊళ్ళో అందరి పేర్లూ ప్రభువుకి చెప్పేస్తాను.

మనసు తేలిగ్గా ఉంది.

ఫిబ్రవరి 19, గురువారం
రెండో రోజు. ఫోన్ ఆపి బియ్యం డబ్బాలో పెట్టాను. మిగిలిన టైములో చేయవలసినవి:
మిరియాలు ఎండలో తిరగేయడం.
చింతపండు గింజ తీయడం.
కీర్తనలు నూట యాభై చదవడం.
తమ్ముడు ధర్మ కాఫీ బస్తాలకి చిరుగులు కుట్టడం.

నాలుగూ మొదలుపెట్టాను. ఇది ఎప్పుడో చేయవలసిన పని.

సా. 6:30. చెయ్యి ఊరికే బియ్యం డబ్బా వైపు వెళ్ళింది. వెనక్కి తెచ్చాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం
ఆట సంగతి రాయడం ఆడినట్టు కాదు.

పేరు ఎర్రనేల. అంగారకుడి మీద ఊరు కట్టాలి. ఇద్దరు జతగా ఆడాలి, ఒక్కొక్కరికి ఒక గాజుగూడు. ఎవరి గాలి వాళ్ళు తయారు చేసుకోలేరు, జతగాళ్ళే పంపాలి. వారం రోజులు అందకపోతే ఆ గూట్లో మొక్కలు ఎండిపోతాయి. ఊరు ముగిసిపోతుంది. మళ్ళీ తెరవడానికి ఉండదు.

నా జత మా చెల్లి హేమలత. రంపచోడవరంలో హాస్టల్ వార్డెను. నాలుగేళ్ళ నుంచి ఆడుతున్నాం. మా ఊరికి అమ్మ పేరు పెట్టాం, కనకవలస.

ఆట చేసినవాళ్ళు తెలివైనవాళ్ళే గాని కొండ చూసినట్టు లేరు. వాలు నేలలో నిలువుగా సాళ్ళు తీశారు, మొదటి వానకే మట్టంతా కిందకి పోతుంది. సంత కూడా లేదు. సంత లేకపోతే ఒక గూటి మనిషి ఇంకో గూటి మనిషిని ఎక్కడ చూస్తాడు? ఈ సైన్స్ కథలన్నీ అంతే. గ్రహాంతరవాసులు ఎప్పుడూ పెద్ద పట్నంలోనే దిగుతారు. మా కొండల్లో దిగితే ఎవరికీ తెలీదు. దిగే ఉంటారు.

ఫిబ్రవరి 21, శనివారం
ధర్మ పెళ్ళాం చిట్టి నీళ్ళ దగ్గర విన్నదంతా చెప్పింది. "వదినా, నువ్వు రాయెక్కట్లేదని ఊరంతా అంటంది. ప్రార్థన మానీసినావా అని అడుగుతున్నారు."

ఇంట్లోనే చేస్తున్నానన్నాను. నిజమే. కాని ఇంట్లో నాలుగు నిమిషాల్లో అయిపోతోంది. ఇంకో ఏడు నిమిషాల పేర్లు మిగిలిపోతున్నాయి.

గోడ గడియారం ఆగిపోయింది. టైము తెలియడానికి ఇంకో గడియారం పెట్టుకోక తప్పలేదు. గడియారం ఫోన్ కాదు.

అది హేమ క్రిస్మస్‌కి తెచ్చిన స్మార్ట్ వాచీ. రెండు నెలలుగా పెట్టె అడుగున ఉంది. ఎందుకుందో కూడా రాసేస్తాను.

ఊళ్ళో ఎవరు ఏ వస్తువు కొన్నా నాకే చూపిస్తారు, పదికి మార్కులు వేస్తాను. మడత ఫోన్‌కి మూడు వేశాను. మా ఇంట్లో మడత పెట్టేవి చాప, గొడుగు. రెండూ మడత దగ్గరే చిరిగాయి. క్రిస్మస్ భోజనాల దగ్గర హేమ ఈ వాచీ నా చేతికి కట్టి, తన నంబరు కూడా ఎక్కించింది. నేను కొండ మీద ఎక్కడైనా పడిపోతే దానికి కబురు వెళ్తుందట. అందరూ మార్కులు అడిగారు. వేశాను. "పట్టీ బాగుంది. మిగతాది దండగ. సిగ్నల్ లేని ఊళ్ళో నేను పడితే ఇది ఎవరితో చెప్తుంది? రెండు." పంక్తిలో అందరూ నవ్వారు.

హేమ నవ్వలేదు. తిన్న కంచం కడిగి, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఫోన్ లేదు. నేను పెద్దదాన్ని, ముందు చేయవలసింది చిన్నవాళ్ళు.

గాలి మాత్రం రోజూ ఆరున్నరకి పంపేది. నేనూ పంపేదాన్ని. మా మధ్య మిగిలింది అదొక్కటే. చర్చిలో లేచి నిలబడినప్పుడు ఇది గుర్తు రాలేదు. కూర్చున్నాక వచ్చింది.

వాచీకి మార్కులు: మూడు. టైము సరిగ్గా చూపిస్తోంది.

ఫిబ్రవరి 22, ఆదివారం
పెద్ద సంగతి. భస్మ బుధవారం నుంచి ఈస్టరు వరకు లెక్కపెట్టాను. నలభై ఆరు రోజులు. అంటే ఆరు ఆదివారాలు నలభైలోకి రావు. పెద్దలు ఊరికే పెట్టరు.

సా. 6:10. రాయి మీద. పేర్లన్నీ అయ్యాయి.
సా. 6:21. ఆట తెరుచుకుంది. హేమ నాలుగు రోజులూ గాలి పంపింది. నా గూడు పచ్చగా ఉంది. దాని గూట్లో ఆకులు వాడాయి.
సా. 6:30. పంపాను. వచ్చే ఆదివారం మళ్ళీ పంపితే సరిగ్గా వారం. సరిపోతుంది.

ప్రభువు దారి చూపిస్తాడు.

ఫిబ్రవరి 24, మంగళవారం
పాస్టరు గారి ఇంటికి మిరియాలు ఇచ్చి వచ్చాను. మాటల్లో మాటగా, ఆదివారాలు నలభైలోకి రావంటారు కదా అయ్యగారూ, అన్నాను.

ఆయన సంతోషించారు. "కొంతమంది ఆ వంక పెట్టుకుంటారు టీచర్ గారూ. మీరు ఆదివారాలు కూడా కలిపే చేస్తున్నారని నేను ఇక్కడే కాదు, పక్క సంఘాల్లో కూడా చెప్పాను."

ఇంటికి వచ్చేదాకా ఏమీ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నాను. ఆదివారం ఆరున్నర దాటితే కనకవలస ఉండదు.

ఫిబ్రవరి 26, గురువారం
హేమకి ఉత్తరం రాశాను. "ఆట మానాను, నిన్ను కాదు." బాగుంది. కాని రంపచోడవరం ఉత్తరం ఆదివారం లోపల చేరదు. చింపేశాను.

ధర్మ సంతకి డుంబ్రిగుడ వెళ్తున్నాడు, అక్కడ సిగ్నల్ ఉంటుంది. హేమకి ఒక మాట చెప్పమని అడుగుదామనుకున్నాను. ఏం మాట? అప్ప నీకు గాలి పంపలేకపోతోంది అని తమ్ముడి చేత చెప్పిస్తే మతి పోయిందనుకుంటారు. బెల్లం తెమ్మన్నాను.

వాచీ: అయిదు. నిన్న పదకొండు వేల అడుగులు వేశానట. ఇల్లు, కల్లం, చింతచెట్టు మధ్యనే. కంగారులో ఉన్న మనిషి ఎంత నడుస్తుందో ఇప్పుడు తెలిసింది.

ఫిబ్రవరి 27, శుక్రవారం
గాసి తాత కర్ర పట్టుకుని వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "టీచరమ్మా, నువ్వు రాయెక్కడం మానీసిన కాడ్నుంచి నా మోకాలు ఒకటే సలుపు. ఇంటికాడ సేసిన ప్రార్థన పైకెల్లట్లేదు."

గంధం తైలం రాసి పంపాను. ఆ మోకాలి పేరు రోజూ ఎనిమిదో నిమిషంలో వచ్చేది. ఇంట్లో చేస్తే అక్కడిదాకా వెళ్ళట్లేదు. పచ్చి నిజం.

కీర్తనలు: పన్నెండు. చింతపండు: సగం. బస్తాలు: ధర్మే కుట్టుకున్నాడు.

ఫిబ్రవరి 28, శనివారం
ఏమీ రాయబుద్ధి కావట్లేదు. ఊడ్చే రోబోల మీద అభిప్రాయం రాద్దామనుకున్నాను. కొండచీపురు మేలు. అంతే.

మార్చి 1, ఆదివారం
ఉ. 9:00. చర్చి. పాస్టరు గారు నా వైపు చూపించి చెప్పారు. తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు.

మ. 3:00. పూత వాన. కాఫీకి మంచిది. నాకు కాదు, రాయి జారుతుంది. వెళ్ళొద్దని ప్రభువే చెప్తున్నట్టుంది.

సా. 5:15. వాన ఆగింది. ఇది కూడా ప్రభువే.

సా. 5:40. మాట అంటే మాట. సంఘం ముందు ఇచ్చాను.

సా. 5:50. అమ్మ పోయేముందు నన్ను ఒక్కటే అడిగింది, చిన్నదాన్ని చూసుకోమని. అది ఇంకా ముందు ఇచ్చిన మాట.

సా. 5:52. బియ్యం డబ్బా తెరిచాను.

మిగతాది ఇంటికి వచ్చాక రాస్తున్నాను.

దగ్గరిదారిన ఎక్కాను. రాయి మీద నాచు తడిసి ఉంది. పైకి చేరి ఆట తెరవమని నొక్కి, ఒక అడుగు పక్కకి వేశాను. అంతే, కూలబడ్డాను. దెబ్బేమీ లేదు, చీర అంతా మట్టి. వాచీ గిజగిజ కొట్టుకుంది. ఏదో అడుగుతోంది. కళ్ళజోడు ఇంట్లో ఉంది. తడుముకునేలోపు ఫోన్ మోగింది. హేమ.

"అప్పా. పడిపోయినావా?"

"లేదు. కూర్చున్నాను."

"వాచీ పడిపోయినావంటంది."

"అది కొంచెం ఎక్కువ చెప్తుంది."

హేమ ఏడుస్తోందని ఊపిరి వింటే తెలిసింది. "వారం నుంచి గాలి లేదు. నాతోటి ఆ కాస్తా కూడా తెంపుకున్నావనుకున్నాను. ఇప్పుడేమో పడ్డావని కబురు. నాకెలాగుంటాదో తెలుసా?"

చర్చి సంగతి అంతా చెప్పాను. విన్నది. ముందు నవ్వింది, తర్వాత తిట్టింది.

"నలభై దినాలు ఏదోటి మానీయాలంటే, నలుగురిలోన మార్కులెయ్యడం మానీవలసింది. నువ్వు ఒక్కదానివీ ఆ రాయెక్కుతావని కదా కొన్నాను. సిగ్నలున్న చోటనే పడతావని నాకు తెల్దా?"

నాకు తెలీలేదు. ఇన్నేళ్ళు వస్తువులకి మార్కులు వేశాను. ఊళ్ళో సిగ్నల్ ఒక్క రాయి మీదే ఉంది, ఊళ్ళో నేను పడగలిగింది కూడా ఆ ఒక్క రాయి మీదే. ఈ లెక్క తట్టలేదు.

"తప్పు నాదే" అన్నాను. "తొమ్మిది."

"ఒకటేటికి తగ్గింది?"

"పడితే చెప్తుంది. పడకముందు చెప్పాలి కదా."

"అది నేను సెప్తాను. ఈస్టరుకి వచ్చి సెప్తాను."

సా. 6:28. గాలి పంపాను. రెండు నిమిషాలు ముందే.

ఎవరు ముందు ఫోన్ చేసినట్టు? వాచీ. ఇద్దరికీ పరువు దక్కింది.

మార్చి 8, ఆదివారం
వారమంతా గాలి పంపాను. పేర్లు కూడా పదకొండు నిమిషాలూ చెప్పాను. కాని ఇచ్చిన మాట తప్పాను. దాచుకుంటే ఇంకో తప్పు.

చర్చిలో లేచాను. నలభైలో పదే నిలబెట్టాను, మధ్యలో ఒక ఆదివారం వంక పెట్టాను అన్నాను. ఇంకొకటి కూడా చెప్పాను. రాయి మీద మీరు చూసేదంతా ప్రార్థన కాదు, సగం ఆట.

చెవులు వేడెక్కాయి. తలుపు దగ్గర నుంచి గాసి తాత అన్నాడు:

"తెలుసులేమ్మా. మాకు మట్టుకు సిగ్నలింకెక్కడుంది? నువ్వు దిగినాక మేం ఎక్కుతాం."

చర్చి అంతా నవ్వింది. చిట్టి కొంగు నోట్లో కుక్కుకుంది. పాస్టరు గారు పుస్తకం తెరిచి కాసేపు పేజీ వెతికారు. ఆయన సోమవారాలు సాయంత్రం ఎక్కుతారట. తర్వాత తెలిసింది.

తాతని బయట అడిగాను, తెలిసీ నా ప్రార్థన ఎందుకు కావాలన్నావని. "ఆట మజ్జిలోనైనా నా మోకాలు తలిసేదానివి నువ్వొక్కర్తివే" అన్నాడు.

మార్చి 9, సోమవారం
ఒకటో రోజు.

మళ్ళీ మొదటి నుంచి. నలభై దినాలు, ఆదివారాలు కలపకుండా. ఏప్రిల్ 23కి పూర్తవుతుంది. ఈస్టరు దాటి పద్దెనిమిది రోజులు. పర్వాలేదు.

నియమాలు:
ఫోన్లో ఆట ఆడను. ఆరున్నరకి గాలి పంపడం ఆట కాదు, బాధ్యత.
గాలి పంపేటప్పుడు నీళ్ళు పోస్తే అది కూడా బాధ్యతలోకే వస్తుంది.
నలుగురిలో ఎవరి వస్తువుకీ మార్కులు వేయను.
దగ్గరిదారిన ఎక్కను. (హేమ చెప్పింది.)

సా. 6:15. రాయి దగ్గర జనం. నిన్నటి మాట తర్వాత ఎవరికీ మొహమాటం లేదు. ధర్మ, చిట్టి, ఇంకో ఆరుగురు. పాస్టరు గారు సోమవారం కాబట్టి వచ్చారు. అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. కింద నుంచి చూస్తే ఊరంతా ప్రార్థనలో ఉన్నట్టే.

సా. 6:20. గాసి తాత కర్ర పోటేసుకుంటూ ఎక్కాడు. మనవడు కొనిచ్చిన కొత్త ఫోన్ తెచ్చాడు. బటన్లది, టార్చి ఉంది, చార్జింగ్ వారం వస్తుంది. "మార్కులెయ్యి టీచరమ్మా" అన్నాడు. అందరూ తలలెత్తారు.

నలుగురూ ఉన్నారు. నియమం ఒకటో రోజునే తప్పకూడదు. దగ్గరికి రమ్మని చెవిలో చెప్పాను. పదికి పది.

సా. 6:26. గాజుగూళ్ళు రెండూ ఎలా ఉన్నాయో చూడాలనిపించింది. ఆట తెరుచుకుంది, ఫోన్ ఒళ్ళోనే ఉంది. చూడలేదు. ఇంకా ఆరున్నర కాలేదు.