చెడిపోని నెలకు కూలి

వనపర్తి,
ఆగస్టు, 2007

నా శిల్పకు,

మీ హాస్టల్ ఫోన్ దగ్గర నీ వెనుక ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. నేను ఒక మాట ఎత్తుకునేలోపే నువ్వు "పెట్టేస్తున్న" అంటావు. అందుకే రాస్తున్నాను. నువ్వు నర్సింగ్ చదువుకు కర్నూలు పోయినప్పటి నుంచి నీకు మంచి కబుర్లే చెప్తూ వచ్చాను. ఇప్పుడు చెప్పబోయేది మంచో చెడో నాకే తెలియడం లేదు.

షాపు నడిపే పద్ధతి మార్చాం. పాలిటెక్నిక్ నుంచి బయటికొచ్చి మహిపాల్, నేను పొత్తుగా ఈ కంప్యూటర్ల షాపు పెట్టినప్పుడు ఒక మిషన్ అమ్మితే కొంతైనా మిగిలేది. ఇప్పుడు హైదరాబాద్ ధర అందరికీ తెలుసు. అమ్మిన రోజు సంబరం, మిగతా నెలంతా దారి చూస్తూ కూర్చోవడం. మొన్న మాకు సరుకు పంపే కంపెనీ వాళ్ళు చుట్టుపక్కల షాపుల వాళ్ళందరినీ కొత్తకోటలో ఒక హోటల్‌కు పిలిచారు. బయట లారీల మోత, లోపల టై కట్టుకున్న ఒకాయన. "డబ్బా అమ్మితే లాభం ఒక్కసారే. ఆ డబ్బాలను కలిపే నెట్‌వర్క్‌ను మేం చూసుకుంటామని ఒప్పందం రాయించుకోండి. చెడిపోయినా, చెడిపోకపోయినా వాళ్ళు నెలనెలా ఇస్తారు. చెడిపోకుండా చూడటమే ఇకమీదట మీరు అమ్మే సరుకు" అన్నాడు.

అందరం తలలూపాం. బయట టీ తాగుతూ మహిపాల్ నన్ను అడిగాడు.

"ఏమన్న సమజైందా?"

"సగం."

"నాకు గా సగం గుడ కాలే. గని నెలనెలా అన్నడు సూడు, గది మంచిగనిపిచ్చింది."

నాకూ ఆ మాటే పట్టుకుంది శిల్పా. మా ఇంట్లో ఆ మాట ఎప్పుడూ లేదు కదా. మా అమ్మా నాన్నా మేస్త్రీ వెంట ఎక్కడెక్కడికో పోయి మట్టి తవ్వారు. తవ్విన రోజు ఉంది, తవ్వని రోజు లేదు. నెల తిరిగేసరికి దానంతట అదే వచ్చే డబ్బు ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

ఇప్పటికి మూడు చోట్ల ఒప్పుకున్నారు. ఇక్కడ ఒక నర్సింగ్ హోం, నాగర్‌కర్నూల్‌లో ఒక జూనియర్ కాలేజీ, గద్వాలలో పత్తి విత్తనాల ఆఫీసు. గద్వాలదే పెద్దది. రైతులు తెచ్చిన విత్తనాల తూకమంతా అక్కడి మిషన్లలో ఎక్కిస్తారు. నడిపేది సావిత్రమ్మ గారు, యజమాని ఆమె మరిది. నేను నెలకోసారి పోయి దుమ్ము దులుపుతాను, ఎలుకలు కొరికిన తీగలు మారుస్తాను, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ చూస్తాను, లెక్కలన్నిటికీ ఇంకో నకలు తీసి పెడతాను. ఇంతవరకు ఏదీ ఆగలేదు.

మొదటి నెల డబ్బు అమ్మ చేతిలో పెడితే, "ఏం చెడిపోయిందని పోయినవ్ బిడ్డా?" అని అడిగింది.

"ఏం చెడిపోలేదమ్మా."

"మరి పైసలెందుకిచ్చిండ్రు?"

"చెడిపోకుండ చూసినందుకు."

అమ్మ నోట్లు మళ్ళీ నా చేతిలో పెట్టింది. "తవ్వకుంటనే కూలి ఎవరిస్తరు? మర్సిపోయి ఇచ్చిండ్రేమో, జర మంచిగ అడుగు" అంది. నవ్వేశాను. కాని అప్పటి నుంచి ఎవరి దగ్గర డబ్బు తీసుకుంటున్నా, వీళ్ళు పొరపాటున ఇస్తున్నారేమో అన్నట్టే ఉంటోంది. నీకేమైనా అర్థమైతే రాయి.

నీ పాల్

*

వనపర్తి,
డిసెంబరు, 2007

శిల్పా,

పోయిన ఆదివారం ఫోన్‌లో నా గొంతు బాగాలేదని అన్నావు. జలుబు అన్నాను. జలుబు కాదు.

గద్వాల వాళ్ళు ఒప్పందం ఆపేశారు. సావిత్రమ్మ గారు నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "నీ మీద కోపం లేదు పాల్. మా మరిది అడుగుతుండు. ఆ పిల్లగాడు వస్తడు, దుమ్ము దులుపుతడు, పోతడు, ఒక్కనాడన్న ఏమన్న చెడిపోయిందా, ఎందుకియ్యాలె అంటుండు. నేనేం చెప్పాలె?"

లేచి వచ్చేశాను. చెడిపోతే నాకు పని రాదంటారు. చెడిపోకపోతే నాతో పని లేదంటారు. ఇందులో నేను ఎక్కడ నిలబడాలో ఆ టై కట్టుకున్నాయన చెప్పలేదు. షాపుకొచ్చి ఇదంతా చెబితే మహిపాల్, "ఒక్కసారి బందైతే గప్పుడు ఎరకైతది మన విలువ" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు అది ఒట్టి మాట.

ఆ తరువాత ఇద్దరం గద్వాల పోయాం. నా పనిముట్లు ఆ ఆఫీసులోనే ఉండిపోయాయి, తెచ్చుకోవాలి. ప్రింటర్ సిరా మాత్రం ఇంకా మా దగ్గరే కొంటున్నారు, అది మహిపాల్ ఇవ్వాలి. ముందు నేను మిషన్ల గదిలోకి పోయి నా సామాను తెచ్చుకున్నాను. తరువాత అతను పోయాడు. చాలాసేపటికి గాని బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున సావిత్రమ్మ గారి నుంచి ఫోన్. ఒక్క మిషన్ కూడా ఇంకోదానితో మాట్లాడటం లేదట. దొరికిన బస్సెక్కి పోయాను. ఆఫీసు ముందు ట్రాక్టర్లు, విత్తనాల సంచులు, ఎండలో రైతులు. ఆమె మరిది తల పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. మానవపాడు నుంచి వచ్చిన తిమ్మమ్మ అనే రైతు కిటికీ ఊచలు పట్టుకుని, "మా తూకం మిషన్ల ఉన్నదా పోయిందా, గంతే చెప్పుండ్రి" అని అడిగిందే అడుగుతోంది. ఆ ఏడాది పంటంతా ఆ మాట మీదే ఉన్నట్టుంది ఆమె ముఖం.

బీరువా వెనుక అసలు తీగ తెగి ఉంది. ఎలుక కొరికితే అంచు చిందరవందరగా ఉంటుంది. ఇది నున్నగా ఉంది. ఎవరో కోశారు.

కొత్త తీగ వేశాను. తెర మీద తూకాలన్నీ వచ్చాయి. తిమ్మమ్మ తన పేరు చదివించుకుని అక్కడే కింద కూలబడింది. మరిది నా భుజం మీద చెయ్యి వేసి, "ఒప్పందం మళ్ళ రాయి పాల్, ఈసారి రెండేండ్లకు రాయి" అన్నాడు. రాశాను. తెగిన తీగ గురించి నోరు విప్పలేదు. ఎలా విప్పను, అది కోసింది మా మహిపాల్ అని నా మనసు అప్పటికే తేల్చుకుంది.

అతన్ని అడగలేదు. అడిగితే అవునంటాడేమోనని భయం. షాపుకొచ్చి, "పొత్తు వద్దు, విడిపోదాం" అని మాత్రం అన్నాను. ఎందుకని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. "నీ ఇష్టం" అని, తన బట్టల సంచి తీసుకుని కోడేరుకు, వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు. తప్పు చేయనివాడు కారణం అడగడా?

హైదరాబాద్ కంపెనీలో రిపేర్ల ఉద్యోగానికి ఒప్పుకున్నాను. నీకు చెప్పకుండా ఒప్పుకున్నాను. అమ్మకు ఇంకా తెలియదు. ఇది కోపంతో చేస్తున్నానా, సిగ్గుతో చేస్తున్నానా అని అడగకు. తెలిస్తే నేనే రాసేవాణ్ణి.

పాల్

*

వనపర్తి,
జనవరి, 2008

శిల్పా,

నీ ఉత్తరం అందింది. "పోయే ముందు ఆ రెండేండ్ల ఒప్పందం తిరిగి ఇచ్చేసి పో" అని రాశావు. అందుకే గద్వాల పోయాను. పోయి ఉండకపోతే ఏమయ్యేదో తలుచుకోబుద్ధి కావడం లేదు.

షాపు మూస్తున్నానని చెప్పినా సావిత్రమ్మ గారు ఒప్పంద పత్రం ముట్టుకోలేదు. "షాపు ఎందుకు మూస్తున్నవ్? ఆ పిల్లగాడు మహిపాల్ ఏడి?" అని అడిగింది. ఇక దాచలేక, ఆ తీగ అతనే కోశాడనుకుంటున్నానని చెప్పాను. ఆమె లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"గా వైరు నేనే కోసిన."

నాకు వినపడలేదనుకుందేమో, మళ్ళీ చెప్పింది. "సంచుల దారం కోసే కత్తెరతోని కోసిన పాల్."

మేం రాకముందు ఒకసారి మిషన్ చెడిపోయి చాలామంది రైతుల తూకాలు మాయమయ్యాయట. ఆమే మార్చిందని మరిది అనుమానపడ్డాడు. భర్త పోయి, వాళ్ళ ఇంట్లోనే ఉంటూ, వాళ్ళ ఆఫీసులోనే పనిచేసే మనిషి. "తిన్న ఇంట్లనే దొంగనైన. మీరొచ్చినప్పటి సంది ఒక్క తూకం పోలే. మిమ్మల్ని బంద్ పెట్టంగనే నాకు మళ్ళ గదే బుగులు. మా మరిదికి మంచిగున్నది కనపడదు, చెడితేనే కనపడుతది. ఏం చెయ్యాలె మరి?"

ఆమె మీద కోపం రావాలి. వచ్చింది కూడా, కాని నిలవలేదు. "తిమ్మమ్మ అంతసేపు ఎండల నిలబడింది గదమ్మా" అన్నాను. ఆమె తల వంచుకుంది. "ఆమె మొకం చూడలేకనే నీకు ఫోన్ చేసిన" అంది.

ఆ ఒప్పందం అక్కడే చింపేశాను. వచ్చే నెల మరిది ఉన్న రోజు చూసి వస్తానని, నేను పని చేస్తున్నంతసేపు ఆయన్ని నా పక్కనే కూర్చోబెట్టాలని చెప్పాను. కొరికిన తీగ, ఉబ్బిన బ్యాటరీ, నేను ఏది మారుస్తున్నానో అది ఆయన చేతిలో పెడతాను. అది చూసి కూడా వద్దంటే సరే. కత్తెర సంగతి ఆయనకు చెప్పడం చెప్పకపోవడం ఆమె ఇష్టం, నేను మాత్రం చెప్పను. ఆమె చిరిగిన ముక్కలన్నీ ఏరుకుంది.

అటునుంచి అటే కోడేరు పోయాను. మహిపాల్ పల్లి చేనులో ఉన్నాడు. వాళ్ళమ్మ బాలనాగమ్మ గారు కూలీలతో కాయ తెంపుతోంది. అతను నన్ను చూసి లేచాడు గాని ముందుకు రాలేదు. గట్టు మీద కూర్చున్నాం. సావిత్రమ్మ గారు చెప్పిందంతా చెప్పి, "నేను నిన్ను అనుమానపడ్డ" అన్నాను.

అతను కోపంతో లేచిపోతాడనుకున్నాను. మొత్తం నా వైపు తిరిగాడు.

"నేను నువ్వే కోసినవనుకున్న గద రా."

"నేనా?"

"గద్వాల కెల్లి తెచ్చిన నీ సంచిల కోసిన వైరు చూసిన. ముందుగాల లోపటికి పోయింది నువ్వేనాయె. కాంట్రాక్టు పోయిందని పరేషాన్ల ఉంటివి. విడిపోదాం అంటే, మొకం చూపెట్టలేక అంటున్నడనుకున్న. అడిగితే నువ్వు అబద్ధమాడాలె. గందుకే అడగలే."

ఇద్దరం నవ్వాల్సింది. నవ్వు రాలేదు. శిల్పా, వాళ్ళది పొలం ఉన్న ఇల్లు. మనవాళ్ళు అలాంటి పొలాల్లో కూలికి పోయినవాళ్ళు. ఎక్కడ ఏది పోయినా ముందు మనవైపు తిరిగే చూపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇన్నేళ్ళలో అతని కళ్ళలో అది చూడలేదు. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"నేను కాబట్టి అనుకున్నవా మహిపాల్?"

అతనికి అర్థమైంది. చేతిలో ఉన్న పల్లికాయ ఒలవకుండా పక్కన పెట్టాడు.

"తెల్వదు రా. కాదనే అనుకుంటున్న. గని తెల్వదు." మళ్ళీ తనే, "మరి నువ్వు నన్నెందుకనుకున్నవ్?" అని అడిగాడు.

నేను కూడా తెల్వదన్నాను.

వెంటనే కాదని అని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదేమో. తెలియదన్నాడు కాబట్టే అతని పక్కన కూర్చోగలిగాను. సాయంత్రం వనపర్తి బస్సులో ఇద్దరం ఒకే సీట్లో వచ్చాం. హైదరాబాద్ ఉద్యోగానికి రానని చెప్పేశాను. ఇవాళ పొద్దున నేను పోయేసరికి అతను షాపు ముందు నీళ్ళు చల్లుతున్నాడు. రేపు నాగర్‌కర్నూల్ కాలేజీకి నెల పని మీద ఇద్దరం పోతున్నాం. ఎప్పుడూ ఒక్కరమే పోయేవాళ్ళం. ఈసారి మిషన్ల గదిలోకి కూడా ఇద్దరం కలిసే పోతాం.

నీ పాల్