బురుజు జరిపిన రోజు

మల్కాపురం, విశాఖపట్నం
9 నవంబరు 1986, ఆదివారం

ప్రభువునందు ప్రియమైన దేవకుమారికి,

నీ విజయరత్నం వందనాలు. ఇక్కడ నేనూ అమ్మా ఆయన కృపలో ఇంత తిని తిరుగుతున్నాం. ఆ జయపురం కొండల చలిలో, ఆసుపత్రి డ్యూటీల మధ్య నువ్వూ ఒళ్లు జాగ్రత్తగా చూసుకుంటున్నావనే నమ్మకంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

జవాబు ఆలస్యమైందని కోప్పడకు. స్టీల్ ప్లాంటులో మా కంట్రాక్టరు సెంట్రింగు పనికి తొందర పెడుతున్నాడు. పొద్దున్న వెళ్లిన మనిషిని, దీపాలు పెట్టే వేళకి ఒళ్లంతా ఎర్రమట్టితో వస్తున్నాను. వచ్చాక కాళ్లు నావి కావు, చేతులు నావి కావు. యాభై ఏళ్లకే ఇంత అలసట ఏమిటో అనుకుంటాను. అది ఒక్క పని వల్ల వచ్చింది కాదని ఈ వారం తెలిసింది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలి తైలం రాస్తున్నాను, కానీ సగం సీసా అమ్మే ఖాళీ చేసింది. ఇదేమిటమ్మా అంటే, "నా కొడుకు మోకాలూ నా మోకాలూ ఏరేటిరా?" అంటోంది. ఇంకేం మాట్లాడతాం! చర్చిలో క్రిస్మస్ పాటలు మొదలుపెట్టారు. నువ్వు లేక ఆడవాళ్ల గొంతు ఒకటి ఎక్కడ, ఇంకోటి ఎక్కడ. పెంకులు నేయించాను, ఇప్పుడు కురవడం లేదు. నువ్వడిగిన నాలుగో మాటకి జవాబు ఉత్తరం చివర్లో రాస్తాను. ముందే రాస్తే తక్కినది రాయలేను.

ఇక మీ హెడ్‌నర్సు ఆదిలక్ష్మమ్మ గారి సంగతి. శంఖద్వీపం సినిమాలు మూడూ తీసిన చోట్లు దగ్గరుండి చూపించమని రాశావు. మాంత్రికుడి బురుజు కట్టింది మా ఆయనేనని ఆసుపత్రంతా టముకు వేశావట కదా! పోయిన ఆదివారం ఆవిడా ఇద్దరు కూతుళ్లూ అంబాసిడర్ కారు వేసుకుని దిగిపోయారు. నాకు ఆరాధనకి వెళ్లే వీలు కూడా చిక్కలేదు.

యారాడ వెళ్లి ఎన్నాళ్లయిందో నీకు తెలుసు. పని ఉందనో, ఒళ్లు బాగాలేదనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ని. ఈసారి కుదరలేదు. రాకుమారి గవ్వలు ఏరుకున్న ఇసుక చూపించాను, రెక్కల గుర్రం ఎగిరిన బండ చూపించాను. నాగకన్య స్నానం చేసిన కొలను ఎక్కడ అంటే గేదెలు పడుకున్న గుంట దగ్గర నిలబెట్టాను.

"ఇదేనా అంకుల్?" అంది చిన్నపిల్ల.

"ఇదేనమ్మా. అప్పుడు గేదెల్ని తోలేసి నీలం రంగు పోశాం" అన్నాను.

పాపం, ఆ పిల్ల ముఖం చూడాలి! నాకు కూడా నవ్వొచ్చింది. అంతలో ఉడకబెట్టిన వేరుశనగకాయల బుట్టతో చిట్టమ్మ ఎదురొచ్చింది. నీకు గుర్తుండే ఉంటుంది. మొదటి సినిమా అప్పుడు మనింటికి ఎండుచేపలు తెచ్చేది, యారాడ జాలరి పెద్ద సూరన్న కోడలు, గంగరాజు పెళ్లాం. ఇప్పుడు సినిమా చోట్లు చూడ్డానికి వచ్చేవాళ్లకి కాయలు అమ్ముతూ అవీ ఇవీ చూపిస్తోంది.

"రండమ్మా, బురుజు తగలెట్టిన కాడ సూపిత్తాను. కట్టింది ఈ మేస్త్రీ గారే" అని మా ముందు కొండెక్కింది.

పైన మాడిన రాళ్లు తప్ప ఏం లేవు. ఆ పిల్లలు వాటినే ముట్టుకుని మురిసిపోతున్నారు. చిట్టమ్మ అలవాటైన పాఠంలా చెప్పుకుపోయింది. "ఇదిగో, ఇక్కడే. ఆ సాయంత్రమే మా ఆయన కూడా పోనాడు. తాగీసి తెడ్డు అట్టుకున్నాడు. అదిగో ఆ నల్లరాళ్ల మీదకి పడవెక్కించీసినాడు."

"అయ్యయ్యో" అన్నారు ఆదిలక్ష్మమ్మ గారు.

"అయ్యో ఏటమ్మా, తాగుబోతు సావు! మా మాంగారు ఇప్పటికీ ఇంట్లో ఆడి పేరెత్తనివ్వరు" అంది చిట్టమ్మ, కాయలు కొలుస్తూనే.

ఆ మాట విన్నాక నాకు కొండ ఎలా దిగానో తెలీదు. కారులో ఆవిడ ఏదో అడుగుతుంటే ఊఁ కొడుతూ కూర్చున్నాను. మర్యాదలో లోటు చేశానని నీతో అని ఉంటే, తప్పు నాదే.

ఇప్పుడు నీ నాలుగో మాట. మూడో శంఖద్వీపం జయపురంలో మళ్లీ ఆడుతోందని, చూస్తే గుర్తొచ్చిందని రాశావు. నాలుగేళ్ల కిందట మనిద్దరం చూసినప్పుడు, బురుజు కాలే సీనుకి హాలంతా చప్పట్లు కొడుతుంటే మీరెందుకు లేచి వెళ్లిపోయారు అని అడిగావు. అప్పుడు కడుపునొప్పి అన్నాను. అది అబద్ధం, దేవీ.

యారాడ దగ్గర సముద్రంలో నల్లరాళ్లు ఉన్నాయి. వాటి మధ్య పడవకి ఒక్కటే దారి. ఒడ్డున తెల్లబండ, దాని వెనక కొండ మీద ఒంటి తాడిచెట్టు, ఈ రెండూ ఒక వరసలో కనబడేలా తెడ్డు పట్టుకుంటే క్షేమంగా వచ్చేస్తారు. తాతల నాటి నుంచి అదే లెక్క. మొదటి సినిమాకి కెమెరాకి అడ్డొస్తోందని ఆ తాడిచెట్టు కొట్టేయించారు. కొట్టించింది నేనే. సరిగ్గా ఆ చోటే వెదుళ్లు, గోనెపట్టా, సున్నంతో బురుజు లేపాను. ఊళ్లో మొదట గొడవ పడ్డారు. తర్వాత బురుజు ఇంకా తెల్లగా, ఇంకా దూరం కనబడుతోందని దాన్నే గుర్తుగా పెట్టుకున్నారు. అప్పుడు సూరన్న నా దగ్గరకొచ్చి, "మేస్త్రీ, దీన్ని ఎప్పుడు ముట్టుకున్నా ముందు మాకో మాట సెప్పాల. సెప్తావా?" అన్నాడు. చెప్తానని మాటిచ్చాను.

మూడో సినిమాలో బురుజు తగలబెట్టే రోజు, అది కాలుతుంటే వెనక సముద్రం నిండుగా కనబడాలి, దక్షిణానికి నలభై గజాలు జరపమన్నారు కంపెనీ వాళ్లు. పట్నం నుంచి తెచ్చిన కూలీలు ఇరవైమందిని పెట్టి, కింద దుంగలు వేసి, మధ్యాహ్నానికల్లా జరిపేశాను. అప్పుడు సూరన్న మాట గుర్తొచ్చింది. గుర్తు రాలేదని చెప్పడానికి కూడా లేదు నాకు. ఒడ్డుకి దిగాను. మగవాళ్లంతా వేటకి వెళ్లారు. చిట్టమ్మ చేపలు ఎండబెడుతోంది.

"ఏటండి మేస్త్రీ గారూ, ఇలగొచ్చారు? ఏటైనా సెప్పాలా?" అంది.

"ఏం లేదులే" అన్నాను.

ఆడమనిషికి చెప్పి ఏం లాభం అనుకున్నాను, దేవీ. రేపటికి బురుజే ఉండదు, ఈ ఒక్క సాయంత్రానికి ఏమైపోతుంది అనుకున్నాను. ఒక్క మాట అని ఉంటే, ఆమె చీర విప్పి కర్రకి కట్టైనా పడవని ఆపేది. ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగి పైకొచ్చేశాను.

పొద్దు వాలుతుండగా దూరాన, తక్కిన పడవలన్నిటికంటే ముందు, ఒక తెరచాప వచ్చింది. బొమ్మలో పడిందని కెమెరా అతను సంబరపడ్డాడు. నిప్పు పెట్టారు. ఆ పొగలో, ఆ చప్పట్లలో మాకేం తెలియలేదు. ఒడ్డు నుంచి కేకలు వచ్చాకే పడవ రాళ్లకి కొట్టుకుందని తెలిసింది. అందులో ఉన్న గంగరాజు తమ్ముళ్లిద్దరూ ఈదుకొచ్చారు. గంగరాజు రాలేదు. నువ్వు జయపురంలో చూసిన సినిమాలో, నిప్పంటుకోకముందు బురుజు వెనక గోరంత తెరచాప కనబడుతుంది. అది అతనిదే.

తెల్లారేసరికి బురుజు బూడిద. దాన్ని అంతకుముందే పక్కకి జరిపామని ఊళ్లో ఎవరికీ తెలీదు. కళ్లు మూసుకుని వచ్చే దారిలో గంగరాజు పడవని రాళ్లకి కొట్టాడంటే తాగే ఉంటాడని ఎవరో అన్నారు. అప్పుడప్పుడు తాగేవాడు కూడా. నేను పరామర్శకి వెళ్లినప్పుడు నా ఎదుటే అన్నారు. నేనూ తలూపాను. చచ్చినవాడి మీద నింద వేస్తుంటే తలూపిన మనిషిని నేను. ఐదేళ్ల నుంచి చర్చిలో నీ పక్కన కూర్చుని, ఏ పాపం ఎరగనట్టు ప్రభువు బల్ల రొట్టె తీసుకుంటున్నాను.

నిన్న సెలవు పెట్టి యారాడ వెళ్లాను. చిట్టమ్మ ఇంట్లో ఒక్కతే ఉంది. అంతా చెప్పాను. తాడిచెట్టు, నలభై గజాలు, "ఏం లేదులే" అన్నది, తలూపినది. చీపురు తీసుకుని కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. 

"అయితే ఆడు తాగనేదా?" అంది.

"తాగినా తాగకపోయినా, దారి తప్పింది అతను కాదమ్మా. గుర్తు ఎక్కడ చూపిస్తే అక్కడికే తిన్నగా వచ్చాడు" అన్నాను.

"ఐదేళ్ల నుండి తిడతన్నాను ఆడ్ని. పొద్దున్న నెగిస్తే తిట్టే" అంది. తర్వాత, "నాకు సెప్పడం కాదు. సోమారం పొద్దున్న పడవలొచ్చే ఏలకి రండి. మా మాంగారు ఒడ్డునుంటారు. ఊరందరి ముందూ సెప్పాల" అంది.

వస్తానన్నాను. రేపు వెళ్తున్నాను. వాళ్లు కొడితే పడతాను. ఏ శిక్ష వేసినా కాదనను. ఈ సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదు. నీకు నా మీద అసహ్యం కలిగితే దాచుకోకుండా రాయి.

నిన్న నేను చిట్టమ్మ గుమ్మం దాటి పది అడుగులు వేశానో లేదో, లోపల్నుంచి పెద్దగా ఏడుపు వినబడింది. పక్కింటి ముసలామె కాసులమ్మ పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మొగుడు పోయిన్నాడు కూడా కంట నీరెట్టనేదు బాబూ అది! ఇప్పుడేటి సెప్పీసినావు?" అని అడిగింది.

ఇట్లు,
నిన్ను ఇన్నాళ్లూ మోసం చేసిన నీ భర్త,
విజయరత్నం