శాయంత్రం వార్తలు

నోవై (అమెరికా), జనవరి 11

ప్రియమైన రమణకి,

ఫోన్ చేస్తే అరుస్తానని మెయిల్ రాస్తున్నాను. వారమంతా ల్యాబ్‌లో కార్ల బ్రేకులు టెస్ట్ చేసి, ఆదివారం సాయంత్రం ఇక్కడి తెలుగు నెట్ రేడియోలో వార్తలు చదువుతానని నీకు తెలుసు. మైకు, ఎడిటింగ్ ఎవరూ నేర్పలేదు, వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఆ పది నిమిషాల కోసమే ఈ మంచులో బతుకుతున్నాను.

ఇప్పుడు అదీ పోయేలా ఉంది. ఎవరో శ్రోత కంప్లైంట్ రాశాడట: 'శ పలకడం రాని మనిషి చేత వార్తలేమిటి? శుక్రవారాన్ని సుక్కురారం అంటున్నాడు, చెవులు మండుతున్నాయి.' రేడియో నడిపే గౌరీశంకర్ గారు ఆ కాగితం నా ముందు పెట్టి, రెండు వారాల్లో దిద్దుకోకపోతే శ్రేయాస్ చదువుతాడన్నారు.

శ్రేయాస్ ఇక్కడ పుట్టినవాడు. 'నీళ్లు' అనలేక 'నీల్లూ' అంటాడు. అది ముద్దుగా ఉందట! అమెరికా యాస అయితే ముద్దు, శ్రీకాకుళం యాస అయితే తప్పు. ఏం న్యాయంరా ఇది?

మండిపోతున్న
నీ పైడిరాజు

లీడ్స్, జనవరి 14

ఒరే పైడీ,

ఇక్కడా అదే గోల. మా లోకల్ రేడియోలో ట్రాఫిక్ చెప్పే అమ్మాయి బస్సుని 'బుస్' అంటుంది. మొదట్లో పాము సంగతేమో అనుకున్నాను. లండన్ వాళ్లలా మాట్లాడమని ఒక పెద్దమనిషి ఉత్తరం రాస్తే, అది చదివి వినిపించి, 'తర్వాతి బుస్ పది నిమిషాల్లో' అంది. హాస్పిటల్‌లో ట్రాలీ తోస్తూ నవ్వలేక చచ్చాను.

కానీ నిజం చెప్తాను, కోప్పడకు. 'ఏటి' అనడం యాస. 'శాఖ'ని 'సాక' అంటే వినేవాడికి అర్థం కాదు. శ నేర్చుకుంటే నువ్వేం తరిగిపోవు.

నీ మేలు కోరే
రమణ

నోవై, జనవరి 26

ప్రియమైన రమణకి,

నీ మాట వినడమే నా తప్పు. పది రోజులు కార్‌లో, బాత్రూంలో శ, శ, శ. నిన్న మైకు ముందు నోరు తెరిస్తే, 'శోదరులకు శాయంత్రం నమస్కారాలు!' ఆపలేకపోయానురా. 'శర్కారు శమావేశం' కూడా వచ్చేసింది. అద్దం అవతల శ్రేయాస్ పొట్ట పట్టుకున్నాడు. వాడే నవ్వాడంటే ఇంక చూసుకో.

అక్కడే ఆగిపోయాను. లైవ్‌లోనే అన్నాను: 'మన్నించండి, ఇది నా నోరు కాదు. నాది శ్రీకాకుళం. ఇక నా నోటితోనే చదువుతాను. నచ్చకపోతే రేడియో కట్టేసుకోండి.' మంచు తుపాను సుక్కురారం వస్తుందనే చెప్పాను.

కోటు తగిలించుకుని వచ్చేశాను. ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు. మైకు పోయిందనే అనుకుంటున్నాను. అయినా తల దించుకోలేదు.

నీ పైడి

నోవై, ఫిబ్రవరి 2

ఒరే రమణా,

కూర్చుని చదువు. మంగళవారం గౌరీశంకర్ గారు మా ల్యాబ్‌కే కారేసుకుని వచ్చారు. నలభై ఏళ్లుగా ఇక్కడున్న ఇంజనీరు, అచ్చు పుస్తకంలా మాట్లాడే మనిషి. పార్కింగ్‌లో మంచు మీద నిలబడి, "ఏటి బాబూ, పోనెత్తవు? ఒగ్గీసి ఎలిపోతావేటి?" అన్నారు.

'ఇది మా వైపు మాట కదండీ!' అన్నాను.

"మాదీ సిక్కోలే, టెక్కలి," అన్నారు. "ఆ కంప్లైంటు రాసింది నానే. కాలేజీలో నన్ను ఎక్కిరించినోళ్లు, నువ్వు సదువుతుంటే మళ్లీ ఇనబడ్డారు."

క్షమించమని ఆయన అడగలేదు. క్షమించానని నేనూ అనలేదు. 'వార్తలు నేనే చదువుతాను, నా మాట ఎవరూ దిద్దకూడదు' అన్నాను. తలూపారు.

నిన్న వార్తలు నేను చదివి, వాతావరణం ఆయన చేత చదివించాను. 'సలి' అనడానికి మూడుసార్లు తడబడ్డారు. నాలుగోసారి వచ్చేసింది.

తల ఎత్తుకుని తిరుగుతున్న
నీ సిక్కోలు పైడిరాజు