తొండుపల్లి జామకాయల అవ్వ ఫోటో

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ కెమెరా సంచిలో ఎవరికో ఇవ్వాల్సిన ఫోటో ఒకటి మిగిలిపోయింది. వెనక నీ రాత: తొండుపల్లి, జామకాయల అవ్వ. పొద్దున్నే పట్టుకొని వెళ్లాను. పొగమంచులో రోడ్డు పక్కన అవ్వ, ఫోటోలో నవ్వినట్టే నవ్వుతూ కూర్చుంది.

"రోడ్ల పక్కన అమ్ముకునేటోళ్ల ఫోటోలు తీస్తే వాళ్ల కష్టం తీరుతదా?" అని కరపత్రాల్లో చదివిన మాటలతో నీ మీద ఎగిరేవాణ్ణి, గుర్తుందా?

అవ్వ ఫోటో చూసుకొని నన్ను చూసింది.

"నువ్వు ఆ కోపాల తమ్మునివే గదా! కండక్టర్‌తోటి కొట్లాడి ఆరాంఘర్ కాంచి ఇంటిదాంక నడుసుకుంట వచ్చినోనివి!"

అయితే నువ్వు వాళ్ల కథలు అడిగే ముందు మన కథ చెప్పేవాడివన్నమాట.

"అన్న ఏడి బిడ్డా? నా మనుమరాలి ఫోటో గూడ తీస్తనన్నడు."

నువ్వు ఇక లేవని చెప్పాను. అప్పుడే మంచులోంచి ఒక విమానం కలలోలాగా తేలివచ్చి, మా తలల మీదుగా పక్కనున్న ఎయిర్‌పోర్టులోకి దిగింది. ఆ హోరులో నా మాట కలిసిపోయింది.

"ఏమన్నవ్?"

నిజం దాచడం ద్రోహమని నీతో ఎన్నిసార్లు కొట్లాడానో!

"ఊర్ల లేడవ్వా. ఫోటో నేనొచ్చి తీస్త" అన్నాను.

నీ కెమెరా ఎట్లా పట్టుకోవాలో కూడా నాకు తెలియదన్నా.