మంచం తిప్పిన బండి

గాజువాక,
ఆషాఢమాసం, ఆదివారం పొద్దుట

మా అప్ప రామలమ్మకి తమ్ముడు అప్పలసూరి దండాలు పెట్టి రాసేది. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వు, పిల్లలు బాగుండాలి. ఈ వానలకి బావ నడుము ఎలా ఉందో ముందు అది రాయించు. ఈ ఉత్తరం వీధరుగు మీద చదివించుకోకు. బావ మంచం దగ్గరే చదివించు. ఇద్దరికీ కలిపే రాస్తున్నాను.

పోర్టు వర్కుషాపులో పని ఎప్పట్లాగే ఉంది. వాన పడ్డాక ఎర్రదుమ్ము కాస్త అణిగింది. లేకపోతే పొద్దున్న ఆరేసిన చొక్కా సాయంత్రానికి సన్యాసి చొక్కా అయిపోయేది. వంట నేనే చేసుకుంటున్నాను. నువ్విచ్చిన ఆవకాయ అడుగంటింది. మొన్నటిదాకా గదిలో పలికే మనిషి లేక రేడియోకే జవాబులు చెప్పేవాణ్ణి. దిగులు పడకు, బాగానే ఉన్నాను.

మొన్న రథయాత్ర. పోర్టులో పనిచేసే ఒరియావాళ్ళు చిన్న రథం కట్టి వీధిలో లాగారు. నన్నూ తాడు పట్టుకోమన్నారు. పట్టుకున్నాను గాని చేతులాడలేదప్పా. కొబ్బరిచెట్టు మీంచి పడక ముందు బావ ఏటా పూరీ నడిచి వెళ్ళొచ్చిన మనిషి. మంచాన పడ్డాక ఆయన నోరు తెరిచి అడిగింది ఒక్కటే, ఇంకొక్కసారి రథం చూపించమని. రైల్లో కూర్చోలేడు, బస్సులో కూర్చోలేడు. అందుకే కదా నేను ఆ బండి కొన్నది.

ఎలా కొన్నానో నీకు సరిగ్గా చెప్పనే లేదు. ఎవరో దొర, దొరసాని వాళ్ళ దేశం నుంచి రోడ్డునే ఆ బండి తోలుకుంటూ వచ్చారట. ఇక్కడికొచ్చేసరికి ఇంజను చెడితే, బండి మా వీధి షెడ్డులో వదిలేసి విమానమెక్కి పోయారు. లోపల మంచం, పొయ్యి, చేతులు కడుక్కోడానికి కుళాయి కూడా. మా వర్కుషాపు కోటేశ్వర్రావు, బెజవాడ వైపు మనిషి, అది చూసి “ఏవయ్యా, బండి కొంటున్నావా, కాపురం పెడుతున్నావా?” అన్నాడు. ఆ మాటన్నవాడే నాతో కూర్చుని ఇంజను విప్పి బాగుచేశాడు.

నాకు కావలసింది మంచం ఒక్కటే కాదు. ఆ బండికి నాలుగు చక్రాలూ లాగుతాయి. మన ఊరికి వంతెన లేదు కదా. బావని ఎడ్లబండిలో ఏటి ఇసక దాటించిన రోజు ఆయన పళ్ళు బిగబట్టి ఏడవడం నేను మరిచిపోలేదు. అందుకని ముందుగా జాలరిపేట ఇసకలోకి తోలి చూశాను. చేపల బుట్టలు పెట్టుకున్న ఆడవాళ్ళు లోపలికి తొంగిచూసి ఒకటే నవ్వు. “ఏటి బావూ, మంచం ఏసుకొని సేపలట్టడానికొచ్చారేటి?” అన్నారు. నవ్వితే నవ్వారు, బండి మాత్రం వెన్నలో కత్తిలా పోయింది.

ఏరు ఎండి ఉండగా జ్యేష్ఠంలో మీ వాకిట్లోకే తెచ్చాను. బావని ఎత్తి పడుకోబెడితే కుళాయి తిప్పి, మొహం మీద నీళ్ళు చల్లుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. అప్పుడే కదా నువ్వు అడిగావు.

“ఒరే సూరీ, పూరీ ఏ దిక్కురా?”

“ఉత్తరం.”

“మరి ఈ మంచం తల ఎటుంది? బండి ముందుకే కదా. మీ బావని ఉత్తరం తలెట్టి పడుకోబెట్టి తీసుకెల్తావేటి? నాను ఒప్పను.”

తలగడ కాళ్ళవైపుకి మార్చి చూశాం. తల పొయ్యిపెట్టె కిందికి పోయింది. బావ ఏదో చెప్పబోయాడు. మనిద్దరం అప్పటికే దిక్కుల్లో పడిపోయాం, వినలేదు. మంచం తిప్పుకొస్తానని నేను బండి వెనక్కి తోలుకొచ్చేశాను.

ఆ దొరల బోల్టులకి మన పానాలు పట్టలేదు. కోసి, కొత్తవి చేయించి, పొయ్యి ముందుకి, తల వెనక్కి మార్చేసరికి పైన కొండల్లో వానలు పడిపోయాయి. నేనొచ్చేసరికి ఏరు గట్టు ఒరుసుకుని పారుతోంది. పడవవాడి కాళ్ళావేళ్ళా పడ్డాను. “నిలబడినోణ్ణయితే దాటించీగల్ను బావూ. పడుకున్నోణ్ణి ఈ సుడిలో ఎలా దాటించీది?” అన్నాడు. వాడి తప్పేముంది.

అవతలి గట్టున మీరు నులకమంచంతో బావని తెచ్చి దింపడం చూశాను. ఆయన తువ్వాలు ఊపాడు. నేను హారన్ కొట్టాను. అంతకన్న ఏమీ చెయ్యలేకపోయాను. తిరిగొస్తూ దారంతా ఏడ్చాను, నీకు చెప్పడానికి సిగ్గేమిటి.

నిన్ను అనడం లేదప్పా. నీ భయం నాకు తెలుసు. నేనూ అలాగే భయపడ్డాను కాబట్టే తిప్పాను.

నిన్న మన ఊరి నారాయుడు స్టీలు ప్లాంటులో పనికొచ్చి నా గదిలో దిగాడు. బావ ఆ రోజు చెప్పబోయిన మాట వాడితో పంపించాడు. “ఎర్రి సూరిగా, ఎల్లీటప్పుడు తల దక్షిణానికి తిప్పేవు, బాగుంది. వచ్చీటప్పుడు ఎటుంటాదిరా? ఆ సామిని సూసేక నా తల ఎటున్నా ఒకటేరా నాకు” అన్నాడట.

పడుకునే మనిషిని మనం ఒక్క మాట అడగలేదప్పా.

వచ్చే ఏడాది రథానికి బండి షెడ్డులోనే సిద్ధంగా ఉంది. మీద గోనెపట్టా కప్పాను. దొరల పరుపు ఉక్కపోస్తుంది, బావ బొంత ఎవరైనా వస్తుంటే పంపించు. ఏరు తీశాక ఇసక గట్టిపడిందో లేదో కూడా రాయించు. ఊళ్ళో పెద్దలకి పేరుపేరునా నా దండాలు. పిల్లలకి ముద్దులు. మీ ఇద్దరి దీవెన నా మీద ఉండాలి.

మంచం తల ఎటు పెట్టమంటాడో ఈసారి బావనే అడిగి రాయించు. నువ్వు చెప్పకు, నేనూ చెప్పను.

ఇట్లు,
నీ తమ్ముడు
అప్పలసూరి